శ్రవణము – శుశ్రూష

సృష్టికర్త మానవునకు అయిదు జ్ఞానేంద్రియములను ప్రసాదించెను. వానిలో కంటికి రెప్పలు కలవు. చూడనొల్లని దానిని చూడకుండుటకు మానవుడు కన్నులు మూసికొనవచ్చును. నాలుకకు పెదవులు తలుపులవలె అమర్చబడినవి. చెవికి మాత్రము రెప్ప లేదు. నిద్రించువాని చెవి సైతము తెరచియే యుండును. అందువలననే పేరుపెట్టి పిలిచి వానిని మేల్కొలుపుట సాధ్యమగుచున్నది. చెవి తన సుఖము కొరకు మాత్రమే ఏర్పడినది కాదనియు, అన్యుల పిలుపు లోనికి వచ్చుటకై సదా తెరచియుంచబడిన ద్వారమనియు ఈ ఏర్పాటునుబట్టి గ్రహింపవచ్చును.

ఆ ద్వారమునకు నేటి కాలమున ఒక తలుపు వచ్చినది. బస్సులలోను, రైళ్లలోను, వీధులలోను, దేవాలయముల క్యూలలోను చెవులలో ఇయర్‌ఫోన్లు పెట్టుకొనియో, తలకు హెడ్‌ఫోన్లు తగిలించుకొనియో ఉన్నవారు అడుగడుగున కనబడుచున్నారు. పదిమంది నడుమ వీనిని ధరించుట మనిషిని తోటివారినుండి వేరుచేయుచున్నదా? ఇది యంత్రమునకు సంబంధించిన ప్రశ్నవలె తోచును గాని, నిజమునకు ధర్మమునకు సంబంధించిన ప్రశ్న.

నూజివీడు అనగానే తెలుగువారికి రసాలు జ్ఞప్తికి వచ్చును. 2022లో కృష్ణా జిల్లానుండి ఏలూరు జిల్లాకు మారిన ఈ ప్రాంతమున చిన్నరసము, పెద్దరసము, బంగినపల్లి, కలెక్టరు మొదలగు జాతుల తోటలు విస్తారముగా కలవు. ఈ తోటల జీవితము తరతరములుగా చెవిపై ఆధారపడి నడచినది. చెట్టెక్కినవాడు చిక్కముతో కాయను కోయుచు, క్రిందివానికి కేక వేయును. కొమ్మ ఫెళ్లుమన్నచో "తప్పుకోండిరా" యని అరచును. ఆ అరపు అందుకొన్నవాడు ప్రక్కకు తొలగును. అందుకొననివానికి గాయము తప్పదు. రాత్రివేళ కావలివాడు అలికిడినిబట్టి వచ్చినది మనిషియో పశువో తెలిసికొనును. ప్రక్క తోటవాడు ఒక కేక వేసినచో ఇవతలివాడు బదులు పలుకును. అచ్చట ఆ రెండు కేకలే ఇరుగుపొరుగు.

ఇట్టి సీమయందు వైశాఖమాసమున ఒక దృశ్యమును పాఠకులు ఊహించుకొనవచ్చును. నూజివీడునుండి విజయవాడ పోవు బస్సు క్రిక్కిరిసి యున్నది. ముగ్గిన రసాల వాసన బస్సంతయు నిండియున్నది. ఒక వృద్ధురాలు ఒడిలో పండ్లబుట్ట పెట్టుకొని కూర్చున్నది. ఆమె ఆగిరిపల్లిలో దిగి, శోభనాచలస్వామిని దర్శించి, స్వామికి నాలుగు పండ్లు సమర్పింపవలెనని బయలుదేరినది. కంటిచూపు తగ్గినది గనుక ఊరు గుర్తింపలేదు. ప్రక్కనున్న యువకుని "బాబూ, ఆగిరిపల్లి వచ్చిందా?" యని అడిగినది. బదులు లేదు. మరల అడిగినది. అప్పుడును లేదు. పెద్దింటి బిడ్డ కాబోలు, తనవంటి దానితో మాటలాడుట ఇష్టము లేదు కాబోలునని తలంచి ఆమె ఊరకున్నది. ఆగిరిపల్లి వచ్చినది, దాటిపోయినది.

కొంత దూరము పోయిన పిదప కండక్టరు వచ్చి సంగతి తెలిసికొని యువకుని భుజము తట్టెను. అతడు చెవులలోని ఇయర్‌ఫోన్లు తీసి, జరిగినది విని, మిక్కిలి నొచ్చుకొనెను. "అయ్యో అవ్వా, నాకు వినపడలేదు" అనుచు బస్సు నాపించి, బుట్ట తాను ఎత్తుకొని, ఆమెను చేయిపట్టి దింపి, ఎదురుగా వచ్చు బస్సు ఎక్కించి మరీ తన దారిన పోయెను. అతడు వినుచుండినది సినిమాపాట కాదు, విష్ణుసహస్రనామము.

ఈ దృశ్యమున దుష్టుడు ఎవ్వడును లేడు. యువకుని హృదయము మంచిది. అందు దయ కలదు, దైవభక్తి కలదు. హృదయము మూయబడలేదు, హృదయమునకు పోవు దారి మూయబడినది. దయ యెంత యున్నను పిలుపు చేరనిచో అది మేల్కొనదు. కావున ఇయర్‌ఫోన్లు ధరించినవారందరు స్వార్థపరులని నిందించుట పొరపాటు. అట్లని దోషమేమియు లేదనుటయు పొరపాటే.

అతడు వినుచుండిన విష్ణుసహస్రనామము లోకమునకు ఏ విధముగ లభించినదో స్మరించిన ఈ సంగతి మరింత విశదమగును. మహాభారతమున అనుశాసనపర్వమందు భీష్ముడు అంపశయ్యపై నుండగా, యుధిష్ఠిరుడు ఆ వృద్ధుని సన్నిధిని చేరి, వినయముతో ప్రశ్నించి, చెవియొగ్గి వినెను. ఒక వృద్ధుని యెదుట ఒక చిన్నవాడు చెవి తెరచి కూర్చున్నందువలన వెలువడిన స్తోత్రమది. దానిని వినుచునే ప్రక్కనున్న వృద్ధురాలి మాట వినకపోవుట ఎంతటి విచిత్రము!

శ్రవణము నవవిధభక్తులలో మొదటిది. భాగవతమున ప్రహ్లాదుడు తండ్రికి చెప్పిన క్రమములో దానికే అగ్రస్థానము. అయితే ఈ శ్రవణమునుండియే వెలువడిన మరియొక పదము కలదు: శుశ్రూష. దీనికి సేవ యని లోకమున అర్థము. రోగికి శుశ్రూష, గురువునకు శుశ్రూష అని వాడుచుందురు. పదమును విడదీసి చూచినచో, వినుట యను అర్థము గల 'శ్రు' ధాతువునకు ఇచ్ఛను తెలుపు సన్ ప్రత్యయము చేరి ఏర్పడినది. కావున శుశ్రూష యనగా మొదటి అర్థము 'వినవలెనను కోరిక'. ఎదుటివాని మాట వినగోరుటయే సేవకు పునాదియని ఆ శబ్దమే చాటుచున్నది. వినుట లేనిచోట సేవ పుట్టదు. భగవన్నామమును వినుట శ్రవణమైనచో, భగవంతుని బిడ్డల మాట వినగోరుట శుశ్రూష. ఒకటి రెండవదానిని మ్రింగివేయరాదు.

ఇట్టి మ్రింగివేత వలన కలుగు అనర్థమును మహాకవి కాళిదాసు అభిజ్ఞానశాకుంతలమున నాలుగవ అంకమందు చూపెను. కణ్వాశ్రమమున శకుంతల దుష్యంతుని తలపులో మునిగి కూర్చున్నది. దుర్వాసుడు అతిథియై వచ్చి వాకిట నిలిచి పిలిచెను. ఆమె వినలేదు. ఎవనిని తలంచుచు నన్ను లక్ష్యపెట్టలేదో వాడు నిన్ను మరచునని ముని శపించెను. ఆ శాపమును సైతము ఆమె వినలేదు! చెలికత్తెలు విని, ప్రియంవద పరుగెత్తి ప్రార్థింపగా, ఆనవాలు చూపినచో శాపము తొలగునని ముని కొంత మెత్తబడెను. శకుంతల చేసినది పాపకార్యము కాదు. భర్తను తలంచుట ధర్మమే. అయితే ఆ సమయమున అతిథులను ఆదరించు భారము ఆమెపై నుండెను. ఇంటి వాకిలివంటిదే బస్సులోని ఆసనము. అచ్చట కూర్చున్నవాని కడకు ఎవరైనను వచ్చి అడుగవచ్చును.

పిలిచినవారికిని ఒక ధర్మము కలదు. పరీక్షిన్మహారాజు వేటాడి అలసి, దాహముతో శమీకమహర్షి ఆశ్రమమునకు పోయి నీరు అడిగెను. సమాధిలో నున్న మహర్షికి ఆ మాట వినబడలేదు. విననట్లు నటించుచున్నాడేమోయని రాజు శంకించి, కోపించి, చచ్చిన పామును ఆయన భుజముపై వైచెను. ఋషిపుత్రుడు శపించెను. శమీకుడు సంగతి తెలిసి కొడుకు తొందరపాటునకు మిక్కిలి దుఃఖించెను. నేటి ఇయర్‌ఫోన్లకు తీగలు కూడ లేవు. జుట్టు చాటున దాగియుండును. పిలిచినవాడు వానిని గమనింపక, తన్ను చులకన చేసినాడని నొచ్చుకొనుట సహజము. వినకపోవుట వేరు, విననట్లు నటించుట వేరు. తొందరపడి నింద మోపుట పరీక్షిత్తు చేసిన పొరపాటును మరల చేయుటయే. పైగా చెవిలో కనబడు పరికరము వినికిడి లోపము గలవారికి సాయపడు యంత్రము కూడ కావచ్చును. అది వినుటకై పెట్టుకొన్నది, వినకుండుటకై కాదు.

ఈ పరికరము పుట్టుకయు ఆలోచింపదగినది. 1910లో అమెరికా దేశమున నథానియేల్ బాల్డ్విన్ అనునతడు తయారుచేసిన హెడ్‌ఫోన్లను ఆ దేశపు నౌకాదళము తీసికొనెను. దూరముననున్న ఓడల సంకేతములను స్పష్టముగ వినుట దాని ప్రయోజనము. అనగా తోటివాని పిలుపు అందుకొనుటకే అది మొదట వినియోగపడినది. 1979 జూలై 1వ తేదీన జపానులో సోనీ సంస్థ 'వాక్‌మన్' అను చిన్న యంత్రమును విడుదల చేసెను. నడచుచు, ప్రయాణించుచు ఒంటరిగా సంగీతము వినుట లోకమున వ్యాపించుటకు అది కారణమైనది. ఆ సంస్థ స్థాపకులలో ఒకడైన అకియో మొరిటా, ఒక్కడే వినుచు కూర్చుండుట ప్రక్కవారియెడ మర్యాద కాదని తలంచెను. అందుచేత ఇద్దరు వినుటకు రెండు రంధ్రములు, సంగీతము తగ్గించి ఒకరితో నొకరు మాటలాడుకొనుటకు ఒక బొత్తాము ఆ తొలి యంత్రమున అమర్చబడినవి. తరువాతి నమూనాలలో ఆ బొత్తాము లేకపోయెను. యంత్రమునుండి తొలగిన ఆ మర్యాదను నేడు మనుష్యుడే తన నడవడియందు నిలుపుకొనవలసి యున్నది.

ఇయర్‌ఫోన్ల పక్షమున చెప్పదగినదియు కలదు. సెల్‌ఫోనును బిగ్గరగ మ్రోగించి బస్సులోని వారందరి చెవులను ఆక్రమించువానికంటె, చెవిలో పెట్టుకొని వినువాడు వేయిరెట్లు నయము. ఈ విషయమున దేవాలయములు కూడ ఆత్మపరీక్ష చేసికొనవలెను. రాత్రి 10 గంటలనుండి ఉదయము 6 గంటలవరకు బహిరంగముగ లౌడ్‌స్పీకర్లు వాడరాదని 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమములు చెప్పుచున్నవి. భక్తిగీతమైనను రోగి చెవిలో, చదువుకొను బిడ్డ చెవిలో బలవంతముగ పోసినచో అది హింసయే. ఒంటరిగ ప్రయాణించు ఆడపిల్ల అపరిచితుల అనవసర ప్రసంగములను తప్పించుకొనుటకు ఇయర్‌ఫోన్లు పెట్టుకొనుటయు కలదు. ఆమెను తప్పుపట్టుటకంటె, ఆమెకు ఆ అవసరము కలిగించినవారిని తప్పుపట్టుట న్యాయము.

"జపము చేయువాడు, మౌనవ్రతము పూనినవాడు లోకమునుండి వేరగుట లేదా?" యని కొందరు ప్రశ్నింపవచ్చును. మౌనమున మూయబడునది నోరు, చెవి కాదు. మౌని పలుకడు గాని వినును. ఆపదలో నున్నవాడు పిలిచినచో లేచి వచ్చును. జపమాల త్రిప్పు చేయి సంచిలో దాగియున్నను చెవి బయటనే యుండును. సంపూర్ణముగ లోకమును మరచు సమాధికి ఆశ్రమమును, ఏకాంతమును తగిన స్థలములు, నడిబజారు కాదు. కావున ఏకాంతమున చెవి తనది. పదిమంది నడుమ చెవిలో సగము పరులది.

అన్నిటికంటె లోతైన నష్టము మరియొకటి కలదు. ఆ వృద్ధురాలు రెండుమార్లు అడిగి మానుకొన్నది. మరునాడు మరియొక బస్సులో, చెవిలో ఇయర్‌ఫోన్లున్న వానిని చూచి ఒక్కమారైనను అడుగదు. అడుగుట మానిన వృద్ధులు, అడుగబడుట మానిన యువకులు ఒకే బస్సులో మోచేతులు తగులుచు ప్రయాణింతురు. అయినను ఒకరి కొకరు లేరు. పిలుపునకు బదులు లేకపోవుట చిన్న లోపము. పిలుచుటయే నిలిచిపోవుట పెద్ద లోపము. సాయము చేయు అవకాశము పలుమారు తప్పిపోయిన యువకునకు, సాయము చేయు అలవాటును క్రమముగ తప్పిపోవును.

దీనికి పరిహారము కష్టసాధ్యము కాదు. బస్సులోను వీధిలోను ఒక చెవినైన తెరచియుంచవలెను. ప్రక్కన వృద్ధులు, బాలురు, కొత్తవారు కూర్చున్నప్పుడు ఇయర్‌ఫోన్లు తీసి ఒక్కమారు వారివంక చూడవలెను. ఎవరైన పలుకరించినప్పుడు చెవినుండి వానిని తొలగించి మాటలాడుట నేటి కాలపు నమస్కారము. రోడ్డు దాటునపుడు, తోటలో పని చేయునపుడు పూర్తిగ తీసివేయుట ప్రాణరక్షణ. ధ్వనిని తగ్గించుట చెవికే మేలు. పెద్దధ్వనితో వినుటవలన 110 కోట్లమంది యువజనుల వినికిడికి ముప్పు కలదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో హెచ్చరించెను. నేడు ఇష్టముతో మూసిన చెవి రేపు ఇష్టము లేకయే మూతపడకుండుగాక.

దేవాలయమున గంట మ్రోగించి భక్తుడు స్వామిని పిలుచును; ఆయన వినునను నమ్మకముతోనే పిలుచును. తన పిలుపు స్వామి వినవలెనని కోరువాడు, ప్రక్కనున్న జీవుని పిలుపునకు తన చెవిని తెరచియుంచుట న్యాయము. ఆ వృద్ధురాలి బుట్టలోని నాలుగు పండ్లు ఆలస్యముగనైనను శోభనాచలస్వామి సన్నిధికి చేరినవి. వానిని మోసికొని వచ్చిన యువకుని చేతులను స్వామి గుర్తించియే యుండును. ఆనాడు అతడు మధ్యలో ఆపిన సహస్రనామము ఆ సేవతో పూర్తియైనది.

సర్వేంద్రియములకు అధిపతియైన హృషీకేశుడు అందరి చెవులకు శ్రవణభాగ్యమును, హృదయములకు శుశ్రూషాభాగ్యమును అనుగ్రహించుగాక!