పరతఃప్రామాణ్యం, ఒక్క పంక్తి సవరణ

ఒక జ్ఞానం నిజమని ఆ జ్ఞానమే చెబుతుందా, బయటి ఆధారం కావాలా? మీమాంసా దర్శనాన్ని అనుసరించే మీమాంసకులది మొదటి పక్షం, న్యాయ దర్శనాన్ని అనుసరించే నైయాయికులది రెండోది, అంటే పరతఃప్రామాణ్యం. తెలుగువాడైన అన్నంభట్టు తన తర్కసంగ్రహానికి తానే రాసుకున్న దీపికలో రెండోదాన్నే సమర్థించాడు. ఎండాకాలం రఘునాథపల్లి దారిలో దూరాన నీరు మెరిసిందనుకుందాం. వెళ్లి తాగితే దాహం తీరాలి. అప్పుడే ఆ చూపు నిజమని, ఎండమావి కాదని తేలుతుంది.

లినక్స్‌లోని ఎన్ఎఫ్ఎస్ కోడ్ సమీక్ష ఇలాంటిదే. 1984లో సన్ మైక్రోసిస్టమ్స్ రూపొందించిన ఈ ఎన్ఎఫ్ఎస్ పద్ధతిలో వేరే కంప్యూటర్‌లోని ఫైలు సొంత డిస్కులో ఉన్నట్టే కనిపిస్తుంది. లోపల ఒక వస్తువును ఎందరు వాడుతున్నారో లెక్క ఉంటుంది. పొరపాటు ఎదురై మధ్యలోనే వెనుదిరిగే దారిలో ఆ లెక్క తగ్గించడం మరిస్తే మెమరీ విడుదల కాదు. సవరణ ఒక్క పంక్తే. రాసినవారి కంటికి సరైనదే. సమీక్షకులు మాత్రం ఆ పంక్తికి చేరే ప్రతి దారినీ చూడాలి. ఏ ఒక్క దారిలోనైనా లెక్క ముందే తగ్గి ఉంటే మందే విషమవుతుంది: ఇంకా వాడుకలో ఉన్న మెమరీ చేజారుతుంది. పరీక్షలో నెగ్గడం దాహం తీరడం వంటిదే, నడిచి చూసిన దారి మేరకే.

మరి సమీక్షకులను ఎవరు సమీక్షించాలి? అనవస్థ, అంటే అంతులేని పరంపర, అనే ఈ ఆక్షేపణలో మీమాంసకుల మాటకే బలం ఎక్కువ. సమీక్ష కూడా తుది ఆధారం కాదు: సమీక్షించినట్టు పేరు చేర్చినంత మాత్రాన కోడ్ సరిగా పనిచేస్తుందన్న హామీ ఇచ్చినట్టు కాదని లినక్స్ నియమాల్లోనే రాసి ఉంది.