పెరటి మోడు – రెండు వేరులు



చెట్టును నరికినంత మాత్రమున చెట్టు పోదు. బేగంపేట, అమీర్‌పేట, పంజాగుట్ట ప్రాంతములలో ఇంకను మిగిలియున్న పాత ఇండ్ల పెరడులను చూచినవారు ఈ మాటను వెంటనే ఒప్పుకొందురు. ప్రహరీగోడ బీటలు వారుచున్నదనియో, కొమ్మలు విద్యుత్ తీగలకు తగులుచున్నవనియో గృహస్థుడు 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టము ననుసరించి అనుమతి పొంది వేపచెట్టును కొట్టించును. కొమ్మలు బండికెక్కును. మోడు మాత్రము నిలిచిపోవును. తొలకరి చినుకు పడగానే దాని చుట్టును గుత్తులు గుత్తులుగా చిగుళ్ళు లేచును. కొబ్బరిచెట్టు తల తెగినచో మరల లేవదు; వేప, సుబాబుల్ వంటివి మొదట ప్రాణమును దాచుకొనును. చిగురింపని మోడైనచో చెదలకు నెలవై, వాటికి ఇంటి ద్వారబంధముల దాక దారి చూపును.

అడ్డదారులు వెదకువారు కొందరు మోడునకు నిప్పు పెట్టుదురు. ఆ నిప్పు వేరుల వెంట లోలోపల రాజుకొని గోడ క్రిందికి ప్రాకవచ్చును. కొందరు ఉప్పు పోయుదురు. దానితో మన్నే చెడును. సరియైన పద్ధతి శ్రమతో కూడినది. నీటి గొట్టములు, తీగలు ఏ వైపున పోవుచున్నవో ముందు తెలిసికొనవలెను. మోడు చుట్టును గుంత త్రవ్వి, ప్రక్కవేరులను ఒక్కొక్కటిగా బయటపెట్టి, గొడ్డలి మొక్కవోకుండ మన్ను తొలగించి తెగగొట్టవలెను. పిదప గునపముతో కదలించి తల్లివేరును ఛేదింపవలెను. అక్కడి నేల పైన మొరము, క్రింద రాయి. గునపము మోగునే కాని సులభముగా దిగదు.

అల్లమప్రభువు తోటపని చేయుచున్న గొగ్గయ్యను కలసికొన్న వృత్తాంతము శూన్యసంపాదనలో కలదు. తోటమాలి ఎరిగిన పనినే ఆధారముగా చేసికొని ప్రభువు అతనికి అంతరంగపు సాగును బోధించెను. శైవసిద్ధాంతము ఆణవ, మాయా, కార్మికములను మూడు మలములను చెప్పుచున్నది. అందు ఆణవము తల్లివేరు వంటిది. 'నేను అధికుడను' అను భావమే దాని చిగురు.

ఆ చిగుళ్ళలో మిక్కిలి మొండిది కులగర్వము. 12వ శతాబ్దమున కల్యాణ నగరమందు బసవేశ్వరుడు దానిపై గొడ్డలి ఎత్తెను. బ్రాహ్మణ వంశజుడైన మధువరసుని కుమార్తెకును, చెప్పులు కుట్టు హరళయ్య కుమారునకును వివాహము జరిగెను. అందులకై ఆ తండ్రులిద్దరును బిజ్జలుని ఆజ్ఞచే ప్రాణములు కోల్పోయిరని శరణ చరిత్రలు చెప్పుచున్నవి. అంత మూల్యము చెల్లించి కొట్టిన చెట్టు అది. మరి మోడు మాటయేమి?

ఒక గృహస్థుడు అడ్డా నుండి కూలివానిని పిలిపించుకొన్నాడనుకొందము. అతడు పాలమూరు నుండి పొట్ట చేతపట్టుకొని వచ్చినవాడు. గృహస్థుని నుదుట విభూతి, ఎదపై ఇష్టలింగము. మిట్టమధ్యాహ్నము నడుములోతు గుంతలో నిలిచి ఆ కూలివాడు మంచినీళ్ళడుగును. ఇంటిలోనుండి వేరు గ్లాసు వచ్చును. త్రాగిన పిదప దానిని గేటు ప్రక్కన పెట్టి పొమ్మందురు. తెలుగున 'వేరు' అనగా చెట్టు మూలము. 'వేరు' అనగా ప్రత్యేకము. పెరటిలోని వేరు సాయంకాలమునకు బయటపడును. గ్లాసులోని వేరు అట్లే నిలిచియుండును. రెండవదానిని తీయుటకు కూలివాడు దొరకడు; అది ఇంటి యజమాని స్వయముగా చేయవలసిన కాయకము.

కాయకమే కైలాసమని నమ్మినవారికి గుంతలోని మనిషి చేయునది శివపూజయే. కనుక ఇంటివారు త్రాగు గ్లాసుతోనే అతనికి నీరందవలెను; ఇంటివారి పంక్తిలోనే విస్తరి పడవలెను. అది దాసోహము. ఒప్పుకొన్న కూలి ప్రొద్దు గుంకకముందే చేతబడవలెను. రాయి అడ్డుపడి పని పెరిగినచో అతడు అడుగకముందే కూలియు పెరుగవలెను. అది ధర్మము, దయ అనుకొన్నచో అక్కడ మరల ఆణవము చిగురించును.

మోడు పెకలించిన గుంతను ఊరక వదలరాదు. మన్ను పొరలు పొరలుగా వేసి దిమ్మెస కొట్టి, ఒక వాన కురిసి నేల సర్దుకొన్న పిదప, గోడకు ఎడముగా మారేడు మొక్కను నాటవలెను. గర్వము తొలగిన హృదయమును కూడ ఖాళీగా ఉంచరాదు. అందు శరణుల సాంగత్యమును నాటవలెను. ఆ మారేడు పెరిగి ఆకు వేసిన నాడు, తొలి పత్రిని లింగమునకు సమర్పించునపుడు, ఆ గుంత త్రవ్విన చేతులును స్మరణకు రావలెను.