పక్కింటి కప్పు మీది ఎండుటాకులు



1991 అక్టోబరు 19, శనివారం. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో, ఓక్లాండ్ నగరాన్ని ఆనుకొని ఉన్న కొండలమీద ఎండుగడ్డికి నిప్పంటుకొంది. అగ్నిమాపక సిబ్బంది వచ్చి ఆర్పారు. ఆరిపోయిందనే అందరూ అనుకొన్నారు. కాని నేలమీద పేరుకుపోయిన ఎండు చెత్త అడుగున నిప్పు మిగిలింది. మరునాడు ఆదివారం పొడిగాలి విసిరింది. మిగిలిన నిప్పు లేచింది. ఆ మంటలలో 25 మంది చనిపోయారు. సుమారు 3,000 ఇళ్ళు బూడిదయ్యాయి.

2018 నవంబరు 8న అదే రాష్ట్రంలో, పైన్ చెట్ల అడవి మధ్య కొండమీద ఉన్న పారడైజ్ అనే ఊరు తగలబడింది. కరెంటు తీగల నుండి రాలిన నిప్పుకు పెనుగాలి తోడయింది. 85 మంది మరణించారు. 18,000కు పైగా కట్టడాలు నాశనమయ్యాయి. చనిపోయినవారిలో ఎక్కువమంది అరవై అయిదేళ్ళు దాటిన వృద్ధులు.

ఎక్కడి కొండలు, ఎక్కడి మనం, ఈ కథ మనకెందుకు అంటారా? మన విచారణలలో, బిడ్డలు అక్కడ స్థిరపడిన కుటుంబాలు లేకపోలేదు. మనవళ్ళను చూసుకోవడానికి వెళ్ళి ఆరు నెలలు ఉండివచ్చే అమ్మమ్మలు, తాతయ్యలు ఉన్నారు. ఆ సంగతి అటుంచినా, ఆ కొండ మనందరినీ ఒక ప్రశ్న అడుగుతోంది: నా ఇల్లు ఎంతవరకు నాది?

ముందుగా, అక్కడ ఇల్లు ఎలా అంటుకొంటుందో తెలుసుకొందాం. అడవిమంట అనగానే తాడిచెట్టంత మంట వచ్చి ఇంటిని మింగేస్తుందని ఊహిస్తాం. చాలా ఇళ్ళ విషయంలో జరిగేది అది కాదు. అమెరికా అటవీశాఖలో పనిచేసిన జాక్ కోహెన్ అనే శాస్త్రవేత్త ఏళ్ళ తరబడి ఇదే పరిశీలించారు. నిలువునా మండుతున్న అడవికి ఎదురుగా చెక్క గోడలు నిలబెట్టి చూశారు. పది మీటర్ల దూరంలోని గోడలలో కొన్ని అంటుకొన్నాయి. ఇరవై, ముప్ఫై మీటర్ల దూరంలోనివి అంటుకోలేదు. మరి ఇళ్ళను కాలుస్తున్నదేమిటి? నిప్పురవ్వలు. గాలికి అవి మైలు దూరం దాటి కూడా ఎగిరివస్తాయి. కప్పు మీది ఎండుటాకులలో, కప్పు అంచున వాననీరు పోయే రేకు కాలువలలో, గోడకు ఆనించిన కట్టెల మోపులో, గుమ్మం ముందరి పట్టామీద పడతాయి. అటక గాలి రంధ్రాలలో దూరి లోపల రాజుకొంటాయి.

అందుకు అక్కడివారు చెప్పే జాగ్రత్తలు పెద్ద ఖర్చుతో కూడినవేమీ కావు. గోడ నుండి 5 అడుగుల లోపల కాలే వస్తువు ఏదీ ఉంచరాదు. 30 అడుగుల లోపల ఎండుగడ్డి, రాలిన ఆకు తీసివేయాలి. కప్పును తాకే కొమ్మలు కొట్టివేయాలి. గాలి రంధ్రాలకు సన్నని ఇనుప జాలి బిగించాలి. కొండ వాలున మంట పైకి వేగంగా పాకుతుంది గనుక దిగువ వైపున మరింత జాగ్రత్త అవసరం. అడవిని నరకమని ఎవరూ అనడం లేదు. వాకిలి ఊడ్చుకోమంటున్నారు, అంతే.

అగ్ని భయం ఉన్న ప్రాంతాలలో ఇంటి చుట్టూ 100 అడుగుల మేర ఈ శుభ్రత ఉండాలని కాలిఫోర్నియా చట్టమే చెబుతోంది. అయితే ఆ 100 అడుగులలోపే మన స్థలం అయిపోతే, బాధ్యత కూడా అక్కడికే సరి. చట్టం హద్దురాయి దగ్గర ఆగిపోతుంది. నిప్పు ఆగదు. పారడైజ్ ఊరిలో నిలిచిన ఇళ్ళను, కాలిన ఇళ్ళను పోల్చి చూసినవారు ముఖ్యంగా కనుగొన్నదేమిటంటే, పక్కన కాలిన ఇల్లు ఎంత దగ్గరగా ఉంటే మన ఇంటికి అంత ముప్పు. మంట చెట్టు నుండి ఇంటికి రావడం ఒక ఎత్తు, ఇంటి నుండి ఇంటికి పాకడం మరొక ఎత్తు.

తాటాకు ఇళ్ళలో పుట్టి పెరిగినవారికి ఇది కొత్త సంగతి కాదు. వేసవిలో వడగాలి లేచే వేళకు ఒక ఇల్లాలు పొయ్యిలో నిప్పు ఆర్పడం మరిచిపోతే వాడ వాడంతా పోయేది. పొయ్యి ఆమెదే, గాలి అందరిదీ.

కనుక 'నా ఇల్లు, నా ఇష్టం' అనే మాట ఆ కొండమీద నిలవదు. నా కప్పు మీది ఆకులు నా పొరుగువాని ఇంటికి ముప్పు. ఎవరికీ కీడు చేయలేదని నిశ్చింతగా పడుకొన్నవాని సోమరితనమే మరొకని కొంప తీయవచ్చు. చేసిన చెడు మాత్రమే కాదు, చేయవలసిన మంచిని చేయకపోవడమూ పాపమేనని ప్రతి ఆదివారం పూజ ఆరంభంలో మనం ఒప్పుకొంటూనే ఉన్నాం. ఆ పాపానికి చీపురు పట్టని వాకిలి కంటే వేరే ఉదాహరణ ఏం కావాలి?

ఇంతవరకు సులువే. ఇక అసలు చిక్కు చూడండి. ఆ కొండమీద మీరే కాపురముంటున్నారనుకోండి. మీ వాకిలి శుభ్రం. ఇరవై అడుగుల దూరంలో పక్కిల్లు. అందులో ఎనభై ఏళ్ళ పెద్దావిడ, ఒంటరి. ఆమె కప్పు నిండా ఎండుటాకులు. కిటికీ పక్కన చనిపోయిన భర్త నాటిన చెట్టు. దాన్ని ముట్టుకోనివ్వదు. మీరేం చేస్తారు?

మనకెందుకని ఊరుకోవచ్చు. అది మర్యాదలా కనిపించే నిర్లక్ష్యం. అధికారులకు ఫిర్యాదు చేయవచ్చు. అందులో అన్యాయమేమీ లేదు, మీ పిల్లలు నిద్రపోయేదీ ఆ గాలిలోనే. కాని నిచ్చెన ఎక్కలేని మనిషికి జరిమానా వేస్తే కప్పు శుభ్రపడుతుందా? మూడవ దారి ఒకటుంది. వెళ్ళి తలుపు తట్టడం. 'అమ్మా, ఆకులు నేను తీస్తాను, చెట్టు సంగతి తరువాత మాట్లాడుకొందాం' అనడం. రెండవసారి వెళ్ళినప్పుడు చెట్టు గురించి నిజం చెప్పడం. ఆమె నొచ్చుకోవచ్చు. అయినా చెప్పాలి. ఎదుటివారిని నొప్పించకుండా ఉండడమే ప్రేమ అనుకొంటే పొరపాటు. మంట వచ్చిన రోజున ఆమెను ఎవరి కారులో ఎక్కించాలో కూడా ఆ రోజే మాట్లాడుకోవాలి. పారడైజ్ మృతులలో అంతమంది వృద్ధులని తెలిసిన తరువాత ఈ మాట వాయిదా వేయదగినది కాదు.

పెద్దావిడ వైపునా ఒక ధర్మం ఉంది. చేతకానప్పుడు సాయం అడగడం, వచ్చిన సాయాన్ని కాదనకపోవడం. అభిమానం అడ్డు వస్తుంది, నిజమే. కాని ఆ అభిమానానికి మూల్యం చెల్లించేది ఆమె ఒక్కతే కాదు.

'దేవుడే కాపాడతాడు గదా' అనేవారు ఉంటారు. 2025 జనవరిలో లాస్ ఏంజిలిస్ నగరంలోని పసిఫిక్ పాలిసేడ్స్‌లో చెలరేగిన మంటలలో అక్కడి కోర్పుస్ క్రిస్టీ దేవాలయం కూడా కాలిపోయింది. నిప్పు ఎవరి భక్తినీ తూచి చూడదు. నిలిచిన ఇల్లు యజమాని మంచితనానికి యోగ్యతాపత్రం కాదు, కాలిన ఇల్లు శిక్షా కాదు. అన్ని జాగ్రత్తలు తీసుకొన్న ఇళ్ళు కూడా కొన్ని కాలాయి. మరి ఎందుకు ఊడ్వాలి? ఫలితం మన చేతిలో లేకపోయినా చీపురు మన చేతిలోనే ఉంది గనుక.

ఈ ఆదివారం అక్కడున్న మీ అబ్బాయితోనో, అమ్మాయితోనో ఫోనులో మాట్లాడినప్పుడు, 'తిన్నావా' అని అడిగిన తరువాత ఇంకొక మాట అడగండి: 'మీ పక్కింటి పెద్దావిడ కప్పు మీది ఆకులు ఎవరు తీస్తున్నారు?'