అవ్వ వేలిముద్ర

కళ్యాణదుర్గం దిక్కున ఒక ఊరు. వరుసగా మూడేళ్లు శెనక్కాయకు పెట్టిన విత్తనం కూడా తిరిగి రాలేదు. ఆ ఊరికి కొత్త మందు పరీక్షించే డాక్టర్లు వచ్చారు. వాళ్ల నైతిక కమిటీలో కాలేజీలో తత్వశాస్త్రం చెప్పే పంతులమ్మ ఒకామె ఉంది. మనిషిని కేవలం పనిముట్టుగా వాడుకోరాదన్న కాంట్ సూత్రాన్ని ఏళ్లతరబడి పాఠం చెప్పింది. అంగీకార పత్రాన్ని పట్టుబట్టి తేట తెలుగులో రాయించింది కూడా ఆమే.

కాగితంలో మొదటి మాట చదవకముందే ఒక అవ్వ వేలు చాపింది.

"ఉండవ్వా, చదువుతాను, విను."

"ఇనేదేముందిలేమ్మా. యాడ ఏయమంటే ఆడ ఏస్తా."

"మందు పడకపోతే?"

"బోరు ఎండిపాయ, శెనక్కాయ పాయ. దుడ్లిస్తారంట గదా. వద్దంటే రేపు నాకు జొరమొస్తే ఈ డాక్టర్లు సూస్తారా?"

వేలిముద్ర వేసి, బొటనవేలి సిరాను తలకు రుద్దుకుంది అవ్వ. బోరు అప్పు కాగితానికీ ఇట్లే వేసి, ఇట్లే తుడుచుకుందట.

పంతులమ్మ ఆ కాగితాన్ని పక్కన పెట్టించింది. పరీక్షలో చేరినా చేరకున్నా వైద్యం ఒకటేనని ఊళ్లో చాటింపు వేయించింది. ఇచ్చే డబ్బును పోయిన కూలికీ, బస్సు చార్జీకీ సరిపెట్టింది. వారం తర్వాత అవ్వ కాగితమంతా చదివించుకుని, "నాకొద్దులేమ్మా" అంది. ఆ సాయంత్రం ఆమెకు జ్వరం వస్తే మాత్ర ఇచ్చింది ఆ డాక్టరే.

నీతి: కాదనే వీలున్న మనిషి ఔనంటేనే అది అంగీకారం.

అంగీకారంలోని ఈ చిక్కు కథలో మాత్రమే కాదు, బయటా ఉంది. 2009లో ఖమ్మం జిల్లాలో ఒక ప్రాజెక్టు కింద 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా వేశారు. హాస్టళ్లలోని గిరిజన పిల్లల ఫారాలపై చాలాచోట్ల వార్డెన్లే సంతకాలు పెట్టారు. 2010 ఏప్రిల్‌లో ఆ ప్రాజెక్టు ఆగింది. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దాన్ని గట్టిగా తప్పుబట్టింది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను అడ్డుకునే ఆ టీకా మంచిదే. తల్లిదండ్రులను అడగకపోవడమే అన్యాయం.

చదువురానివాళ్ల దగ్గర అంగీకారం తీసుకునేటప్పుడు పరీక్షతో సంబంధం లేని సాక్షి ఉండాలని 2019 నాటి మందుల పరీక్షల నిబంధనలు చెబుతున్నాయి. ఆ సాక్షి డాక్టర్లు జీపులో తెచ్చిన మనిషి కాకుండా, అవ్వ నమ్మి పిలుచుకొచ్చిన మనిషి కావాలని నేనంటాను.