లెక్క మధ్యలో ఫోను మోగితే

అమ్మాయీ,

ప్యాకింగ్ సెక్షన్ నీ చేతికి అప్పగించారని మీ అమ్మ చెప్పగానే చాలా సంతోషమేసింది. ఆ వెంటనే తను ఇంకో మాట కూడా చెప్పింది. రాత్రి పడుకున్నదానివి లేచి మరీ ఫోను తెరిచి చూసుకుంటున్నావట. ఏ ఆర్డరు పంపావో, ఏది మిగిలిందో గుర్తు రాక బెంగట. ఇది నీ తెలివి తక్కువై వచ్చింది కాదు, బద్ధకం వల్ల అసలే కాదు. పొద్దున బల్ల దగ్గర కూర్చున్నప్పటి నుంచి నీ పనిని ఎవరో ఒకరు మధ్యలో తుంచేస్తూనే ఉన్నారు. ఆ తునకలన్నీ రాత్రి నీ తలలో తిరుగుతున్నాయి. ఇదే పనిలో తల నెరిసినదాన్ని గనక నాకు తెలిసింది చెబుతాను, విను.

ముందు నీ చేతిలో ఉన్నది ఎలాంటి సరుకో ఒకసారి ఆలోచించు. రాజపాళయంలో 1936లో పెద్ద మిల్లు వచ్చినప్పటి నుంచి మన వైపు నూలుతోనే బతుకులు ముడిపడ్డాయి. అందులో సత్రపట్టికి, పక్కన సముసిగాపురానికి దక్కింది దెబ్బకు కట్టే గుడ్డ. పట్టుచీర నేసే ఊరికి ఉన్నంత పేరు మనకు లేకపోవచ్చు. కానీ ఇక్కడి మరమగ్గాల మీద దిగిన పల్చటి గాజ్ గుడ్డ బ్లీచింగుకు వెళ్లి, ఆరి, మడతలు పడి, నీ బల్ల మీదికి వచ్చి, అక్కడి నుంచి ఎవరి గాయం మీదికో చేరుతుంది. ఈ గుడ్డలో పోగులెన్ని ఉండాలి, బరువెంత ఉండాలి, నీటిని ఎంత త్వరగా పీల్చాలి అన్నది కూడా ప్రభుత్వం 1945 నాటి మందుల నిబంధనల్లో, షెడ్యూల్ ఎఫ్-2 కింద రాసిపెట్టింది. మందుకు ఎంత లెక్క ఉందో మన గుడ్డకూ అంతే ఉంది.

ఆపరేషన్ గదిలో ఏం జరుగుతుందో నీకు ఎవరైనా చెప్పారో లేదో. కోత పెట్టక ముందు నర్సు గాజ్ ముక్కలు లెక్కపెడుతుంది. కడుపు మూసే ముందు మళ్లీ లెక్క, చివర కుట్లు వేసేటప్పుడు మరోసారి. ముక్కలు ఐదేసిగానో పదేసిగానో కట్టి రావాలి. పది అని రాసి ఉన్న కట్టలో తొమ్మిదే ఉంటే ఆ కట్టను మొత్తం పక్కన పెట్టేస్తారు. నెత్తురులో తడిసిన గుడ్డ ముక్క లోపల కలిసిపోయి కంటికి ఆనదు. అందుకే ఆపరేషన్లకు వాడే గాజ్‌లో ఎక్స్‌రేకి కనబడే దారం పెడతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో ఆపరేషన్ల కోసం 19 అంశాల పట్టిక తయారు చేసింది. రోగిని గది దాటించే ముందు పరికరాలు, గుడ్డలు, సూదులు లెక్క సరిపోయాయని నర్సు పైకి చెప్పాలన్నది అందులో ఒకటి. ఎనిమిది దేశాల్లో ఎనిమిది ఆసుపత్రులు ఆ పట్టికను పాటించి చూశాయి. వాటిలో మన ఢిల్లీ ఆసుపత్రీ ఉంది. ఆపరేషన్ల తర్వాతి మరణాలు నూటికి 1.5 నుంచి 0.8కి తగ్గాయని 2009లో అచ్చయింది. దగ్గర పెట్టుకుని చదువుకునే ఒక్క కాగితం, అంతే. ఆ నర్సు లెక్క నీ బల్ల మీదే మొదలవుతుంది తల్లీ. అందుకే ఈ సంగతి ఇంత పొడుగ్గా చెప్పాను.

కాబట్టి లెక్కపెట్టేటప్పుడు ఫోను ఎత్తకు. ఎవరిదైనా సరే, నాదైనా సరే. 1974లో అమెరికాలో ఒక విమానం దిగబోతూ కూలింది. దిగే వేళ పైలట్లిద్దరూ పనితో సంబంధం లేని కబుర్లలో ఉన్నారని విచారణలో తేలింది. ఆ తర్వాత 1981లో అక్కడ నిబంధనే పెట్టారు. పదివేల అడుగుల కింద ఎగురుతున్నంతసేపు విమానం నడపడానికి అవసరమైన మాట తప్ప మరో మాట వద్దని. పైన ఎగిరేటప్పుడు మాట్లాడుకోవచ్చు. నీకూ అంతే. గుడ్డ చుట్టలు చుట్టేటప్పుడు మన ఆడవాళ్లు కబుర్లు చెప్పుకుంటే కసరకు. ఆ కబుర్లే లేకపోతే పొద్దెలా గడుస్తుంది? లెక్కకు, లేబుల్ అంటించడానికి కూర్చున్నప్పుడు మాత్రం అందరి నోళ్లూ మూయించు, నీదీ మూసుకో.

అలాగని రోజంతా మౌనంగా గడవదు, నాకు తెలుసు. బ్లీచింగు వాళ్లు గుడ్డ ఆరిందని కబురు పెడతారు. లారీ మనిషి గేటు దగ్గర నిలబడతాడు. యజమాని పిలుస్తాడు. లేవక తప్పదు. ఎలా లేవాలన్నదే నేర్చుకోవలసింది. మగ్గాన్ని చూడు. పేక తెగితే తనంతట తనే ఆగిపోతుంది. నేసేవాడు వెంటనే మీట లాగడు. చేత్తో వెనక్కి తిప్పి, ఎక్కడ తెగిందో ఆ సందు పట్టుకుని, అక్కడి నుంచి నడిపిస్తాడు. సందు పట్టకుండా నడిపితే గుడ్డ మీద చార పడుతుంది. నువ్వు లేచి వెళ్లి తిరిగొచ్చి ‘ఎక్కడున్నాను?’ అని తడుముకునే ప్రతిసారీ నీ పనిలోనూ అలాంటి చారే పడుతోంది.

సోఫీ లెరాయ్ అనే పరిశోధకురాలు 2009లోనే ఈ విషయం మీద రాసింది. ఒక పని ముగియకుండా ఇంకో పనికి మారితే మనసులో కొంత భాగం వెనకటి దాని దగ్గరే ఉండిపోతుందని. 2018లో తెరెసా గ్లాంబ్‌తో కలిసి దానికి ఉపాయమూ చూపింది. లేచే ముందు, ఎక్కడ ఆగామో, తిరిగి రాగానే ఏం చేయాలో రెండు ముక్కలు రాసుకుంటే, మధ్యలో వచ్చిన పని కూడా బాగా చేయగలుగుతారని. దానికి నిమిషం కూడా పట్టదు. చదువుకున్నవాళ్లు పరీక్షలు పెట్టి తేల్చిన ఈ సంగతి మన పాత గుమాస్తాలకు అలవాటుగా ఉండేది. పద్దు మధ్యలో లేస్తే అక్కడ పెన్సిలు గీత గీసి గానీ లేచేవారు కాదు.

నీ బల్లకు దారం కట్టి ఒక చిన్న పుస్తకం వేలాడదీయి. లేచే ముందు రాయి: ‘మదురై ఆర్డరు. 14 పెట్టెలు అయ్యాయి. 15లో ఆరు ప్యాకెట్లు పెట్టాను. బ్యాచ్ నంబరు సరిచూడలేదు.’ తమిళంలో రాసినా సరే. మనం ఇంట్లో మాట్లాడేది తెలుగైనా చేయి తిరిగింది తమిళమే కదా. గేటు దగ్గర మనిషి అరిచినా సరే, రాసి లే. అతను ఆగుతాడు.

బల్ల మీద ఒకేసారి రెండు ఆర్డర్ల లేబుళ్లు ఉండనివ్వకు. ఇది మాత్రం ఖండితంగా చెబుతున్నాను. ఒక బ్యాచ్ ముగిశాక మిగిలిన లేబుళ్లు లెక్కపెట్టి డబ్బాలో వేసి, బల్ల, బల్ల కింద నేల ఒకసారి చూసి, అప్పుడే తరువాతిది తెరవాలి. మందుల కంపెనీల్లో దీన్ని లైన్ క్లియరెన్స్ అంటారు, సంతకం పెట్టిస్తారు. ఖాళీ బల్ల అందం కోసం కాదు. పాత బ్యాచ్ లేబుల్ ఒక్కటి కొత్త పెట్టె మీద పడితే, రేపు ఏదైనా తేడా వచ్చినప్పుడు సరుకు ఎక్కడిదో పట్టుకోలేరు.

ఇక వాట్సాప్. ఆర్డర్లు అందులోనే వస్తున్నాయి గనక దాన్ని మూసిపెట్టమని అనలేను. పొద్దున ఒకసారి, భోజనం అయ్యాక ఒకసారి, బండి కదిలే ముందు ఒకసారి చూడు. చూసినవన్నీ ఒకే పుస్తకంలోకి ఎక్కించు. అంత తొందరైతే వాళ్లే ఫోను చేస్తారు. ‘యాభై కాదు, ఎనభై పంపండి’ అని గొంతు రికార్డు చేసి పంపేవాళ్లతో జాగ్రత్త. అంకె రాసి పంపమను. మొహమాటపడకు.

సాయంత్రం మగ్గాలు ఆగకపోయినా నీ పుస్తకం ఆగాలి. ఇంకా కానివి ఏవో, రేపు వాటిని ఎప్పుడు ఎలా చేస్తావో రాసి మూసెయ్యి. మిగిలిన పనికి ఒక ఏర్పాటు రాసుకుంటే చాలు, అది మనసును పీడించడం తగ్గుతుందని మాసికాంపో, బౌమైస్టర్ అనే ఇద్దరు పరిశోధకులు 2011లో పరీక్షించి చెప్పారు. పని పూర్తి కానక్కరలేదు, దాని దారి తెలిస్తే చాలునట. నీ రాత్రి బెంగకు ముందుగా చేసి చూడవలసింది ఇదే.

ఇవన్నీ నువ్వొక్కదానివే అనుకుంటే కుదరవు. యజమాని స్వయంగా గంటకోసారి పిలుస్తుంటే నువ్వు మాత్రం ఏం చేస్తావు? పొద్దున వెళ్లగానే అడుగు. కోపంగా కాదు, పని చూపించి అడుగు. పొద్దున పది నుంచి పన్నెండు దాకా లెక్క, లేబుళ్లు పెట్టుకుంటానని, ఆ రెండు గంటలు నా ఫోను ఆఫీసు గదిలో ఉంటుందని, ఎవరు చేసినా అక్కడి అబ్బాయి రాసిపెట్టాలని. రెండు వారాలు చేసి, తిరిగొచ్చిన పెట్టెలు ఎన్నో ముందువాటితో పోల్చి చూపిస్తానని చెప్పు. వ్యాపారం చేసే మనిషి ఆ లెక్క వినకుండా ఉండడు. ఒకవేళ కాదంటే నాతో చెప్పు, మీ మామయ్యను వెంటబెట్టుకుని నేనే వచ్చి మాట్లాడతాను.

మీ అత్త