రుచియు, నీతియు

మద్యమును గూర్చి మన యిండ్లలో రెండు మాటలే వినబడును. అది ముట్టరాని వస్తువని పెద్దలందురు. లోకమంతయు త్రాగుచుండగా మనకేమని పిల్లలందురు. ఈ రెంటికిని నడుమ వేరొక ప్రశ్న కలదు. త్రాగుట వేరు, రుచి చూచుట వేరు అనువారి మాటలో నిజమెంత?

ఇది మన యూరికి దూరపు ప్రశ్న కాదు. దొడ్డబళ్ళాపురమునుండి దేవనహళ్ళికి పోవు త్రోవలో, రఘునాథపురమున, 1988లో కన్వల్ గ్రోవర్ గారు స్థాపించిన ద్రాక్షతోటల సంస్థ యున్నది. వారికి తోడ్పడిన జార్జి వెసెల్ గారు ఫ్రాన్సుదేశపు షాంపేను సీమవారు. మగ్గముల చప్పుడుకు పేరుపడిన యూరి ప్రక్కనే ఫ్రెంచి ద్రాక్ష పండుచున్నది. రుచి చూచుటకై బెంగుళూరినుండి జనులు వచ్చుచుందురు.

షాంపేను సీమ నురుగు వైనునకు పేరెన్నిక గన్నది. తెల్లద్రాక్షతోనే చేసినచో దానిని ‘బ్లాన్ ద బ్లాన్’ అందురు. ఒకమారు పులిసిన రసమును సీసాలో నింపి, కొంచెము చక్కెరయు ఈస్టును చేర్చి బిగింతురు. సీసాలోనే అది మరల పులియును. పుట్టిన వాయువు వెలికి పోలేక రసములోనే కరగియుండును. లోపలి యొత్తిడి వాతావరణపు టొత్తిడికి 5, 6 రెట్లుండును. సీసా నింపిన పిదప కనీసము 15 నెలలు గడువనిదే అమ్మరాదని యచటి నియమము. తుదకు సీసాను తలక్రిందులు చేసి, మూతికడ చేరిన మడ్డిని గడ్డకట్టించి తీసివేయుదురు. దోసెపిండి రాత్రికి రాత్రి పులియుట మన యిల్లాండ్రెరిగినదే. అచట ఓపిక యెక్కువ, అంతే.

దీనిని 8 మొదలు 10 డిగ్రీల చల్లదనమున గ్లాసులో పోసి, మొదట బుడగలు సన్ననివా, ముతకవా యని చూతురు. పిదప వాసన: నిమ్మ, పచ్చి ఆపిలు, కాల్చిన రొట్టె. ఆ పిమ్మట ఒక్క గ్రుక్కను నాలుకపై త్రిప్పి, పరీక్షకుడైనవాడు ఉమిసివేయును. దినమునకు పదులకొలది సీసాలు పరీక్షింపవలసినవాడు మ్రింగుచు పోయినచో, పదవ సీసాను గూర్చి వాడు చెప్పు తీర్పునకు విలువ యుండదు. కావున రుచి యెరుగుటకు మైకమే మొదటి శత్రువు. ఈ విద్యలో నిగ్రహము కలదని నేనొప్పుకొందును. మన పెద్దలు బలమునకై చెంచాతో కొలిచి పుచ్చుకొను ద్రాక్షారిష్టమందును పులియుటచే పుట్టిన మద్యాంశము కలదు. దానిని పాపమన్నవారిని నేను చూడలేదు.

అయినను ఉమియువా రెందరు? కడమవారందరును మ్రింగుదురు, మ్రింగి, సంస్కారమందురు. నాకు నచ్చనిదిదే. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారా దుకాణముపై తిరుగబడిరి. ఆ యుద్యమ ఫలముగా ఆంధ్రప్రదేశమున 1993లో సారాయు, 1995లో మద్యమంతయు నిషిద్ధమయ్యెను. 1997లో ఆ సంపూర్ణ నిషేధము సడలెను. మన కర్ణాటకమున సారా నిషేధము వచ్చినది 2007లో. ద్రాక్ష రైతుల మేలుకోరి ప్రభుత్వము వైను విధానమును ప్రకటించినదియు ఆ 2007లోనే. రైతుకు ధర రావలెననుట న్యాయమే. కాని కూలివాని గ్రుక్క వ్యసనము, కారులో వచ్చినవాని గ్రుక్క రసికత యగుట యెట్లు? ఇద్దరి యింటను జీతపు డబ్బునకై ఎదురుచూచు స్త్రీ యుండవచ్చును గదా!

అందుచే నేనొక పరీక్ష చెప్పుదును. ఈ వైనునకు తగిన తిండి యేదని యడుగగా, ఉప్పగా నూనెలో వేగినది తగునని తెలిసినవారందురు. పులుపును బుడగలును నాలుకపై జిడ్డును కోసివేయును. తీపి పదార్థము ప్రక్కనుంచినచో వైను పుల్లబారును. కారము తగిలినచో మంట హెచ్చును. కావున చేపల వేపుడు, జీడిపప్పు పకోడి, మద్దూరు వడ దీనికి సరిపడును. బొబ్బట్టును, గోంగూర పచ్చడియు సరిపడవు. బాగున్నది. మరి పులుపు, బుడగలు, చల్లదనము అను మూడును నిమ్మసోడాలో లేవా? వేడి పకోడీతో నిమ్మసోడా త్రాగినవా డీ పొందికను చాలవరకు ఎరిగినవాడే. కాల్చిన రొట్టె వాసన మాత్రము సోడాలో రాదు; అది ఈస్టుతో నెలలకొలది నిలువయుండుటచే వచ్చునది. ఆ వాసనకొరకే గ్లాసు పట్టితినని యెవడైన చెప్పినచో నమ్మెదను. పకోడీకి జత కావలెనని చెప్పి, సోడాను త్రోసివేయువాడు కోరునది రుచి కాదు.

మన పిల్లలు తోట చూచుటకు పోయెదమన్నచో నేను వలదనను. తీగలను పందిళ్ళపై కాక వరుసలలో పెంచు తీరును, పీపాలు దాచు గదులను చూడదగును. తిరిగివచ్చిన పిదప బుడగలు సన్ననివా, ముతకవా యని యడుగుదును. అచట ఉమియు పాత్ర యుండెనా యనియు నడుగుదును.