వేటగాడూ వేటే

'నీ ముక్కు ఎలా ఉంది?' లిటిల్ అండమాన్ దీవిలోని ఓంగే తెగవారి కుశలప్రశ్న ఇది. ఒళ్ళు వాసనతో బరువెక్కిందని అవతలివాడు చెబితే, అడిగినవాడు గట్టిగా ఊపిరి పీల్చి ఆ ఎక్కువైనదాన్ని తీసేస్తాడు. తేలికైపోయానంటే తన ఊపిరి ఊది కొంత ఇస్తాడు. 1980ల్లో వారి మధ్య ఉండి అధ్యయనం చేసిన మానవశాస్త్రవేత్త విశ్వజిత్ పాండ్య నమోదు చేసిన ఆచారమిది. గుడి లేదు, విగ్రహం లేదు, మొక్కుబడి లేదు. దయ్యాల భయం తప్ప వీళ్ళకు మతమెక్కడిదని కొట్టిపారేయడం తేలిక. నాకు మాత్రం ఆ పలకరింపులోనే ఒక నిండు మతం కనిపిస్తుంది. తాను వేటాడేవాడే కాక మరొకరికి వేట కూడానని మనిషి ఒప్పుకోవడం దానికి మూలం.

ఓంగేల లోకం అంతస్తులుగా ఉంటుంది. పైనా కిందా, అడవిలోనూ సముద్రంలోనూ ఎవరి చోటు వారిది. ఆత్మలకు ఆకారం లేదు, ఎముక లేదు; వాసనను పీల్చుకుంటాయి. గాలులు వాటి నివాసాల నుంచే బయల్దేరతాయి కనుక, గాలి దిక్కు మారిందంటే ఒక దిక్కు ఆత్మలు వెళ్ళి మరో దిక్కువి వచ్చాయన్నమాట. మనిషి ఎముకలంటే గడ్డకట్టిన వాసన. పందిని చంపినప్పుడు నెత్తురుతో పాటు వాసనా చిమ్ముతుంది. దాన్ని పసిగట్టి ఆత్మలు వస్తాయి. అందుకే వేట నుంచి తిరిగొచ్చినవాళ్ళు ఒంటికి మట్టి పూసుకుని తమ వాసనను కట్టేసుకుంటారు. అడవిలో ఒకరి వెనక ఒకరు, ముందువాడి అడుగులో అడుగేస్తూ నడుస్తారు, ఎవరి వాసన ఏదో ఆత్మలకు తేలకుండా. అందరికన్నా ముందున్నవాడి చేతిలో కాలుతున్న కొరివి. దాని పొగ వెనకవాళ్ళందరి మీదా పరుచుకుంటుంది. గాలివాటు చూసి పంది కోసం పొంచి ఉన్న మనిషి, అదే గాలిలో తన కోసం పొంచి ఉన్నదెవరో కూడా లెక్క వేసుకుంటున్నాడు. చనిపోయినవాళ్ళూ ఈ లెక్కలోంచి తప్పుకోరు. పాతిపెట్టిన ఎముకలను మళ్ళీ వెలికితీసి, కింది దవడను ఆభరణంగా ధరిస్తే, పోయినవాడు అయినవాడుగానే తోడుంటాడు.

ఇదంతా మనకు మరీ కొత్తేమీ కాదనిపించవచ్చు. మనకూ గాలి సోకుతుంది, మన వేదాంతంలోనూ పూర్వజన్మ వాసనలున్నాయి. పోలికను అక్కడితో ఆపడం మంచిది. మన వాసన మనసుకు అంటుకున్న సంస్కారం. అది వదిలితేనే ముక్తి. ఓంగేల వాసన ఒంట్లోని ప్రాణబలం. అది వదిలితే చావే. మరికొందరు దీన్ని ఆత్మల ముసుగు వేసుకున్న అడవి జ్ఞానమంటారు. 2004 సునామీలో భూమి కంపించగానే ఓంగేలు మెట్టకు చేరి, ఒక్కరూ చావకుండా బయటపడటాన్ని సాక్ష్యంగా చూపిస్తారు. ఆ మెప్పులో కాస్త చిన్నచూపు ఉంది. పనికొచ్చింది కనుకే విలువంటే, మెడలోని దవడ ఎముక మాటేమిటి? పలకరింపులో ఊపిరి పంచుకోవడం ఏ అల నుంచి కాపాడుతుంది? అందరమూ ఒకే ప్రమాదంలో ఉన్నామని తెలిసినవాళ్ళు ఎదుటివాడి బరువు కొంత తాము తీసుకుంటున్నారు. దాన్ని ధర్మం అనకపోతే ఇంకేమనాలి?

అసలు గట్టి అభ్యంతరం వేరే ఉంది. 2011 జనాభా లెక్కల్లో ఓంగేలు 101 మంది. అంత కొద్దిమందిలో కనిపించిందంటున్న ఇంత పొందికైన విశ్వదర్శనం వాళ్ళదా, వాళ్ళ గురించి పుస్తకం రాసినవారిదా? మానవశాస్త్రవేత్త రాడ్‌క్లిఫ్-బ్రౌన్ 1922 నాటి ప్రసిద్ధ గ్రంథం ప్రధానంగా వేరే తెగవారైన గ్రేట్ అండమానీల గురించినది, దాన్ని వీళ్ళకు అంటగట్టలేం. ఇక పాండ్య 1993 పుస్తకంలోని పొందిక అంతా నోటిమాటల్లో ఉండకపోవచ్చు, ఒప్పుకుంటాను. కానీ మట్టిపూత, కొరివి పొగ, అడుగులో అడుగు సిద్ధాంతాలు కావు. చేతులూ కాళ్ళూ చేసే పనులు. పాండ్య నొక్కి చెప్పిన మరో మాట కూడా వాటితో కలుస్తుంది: ఓంగేలకు కదలిక ఆగిపోవడమే పెద్ద కీడు. ఆత్మలు ఒక చోటికి వచ్చే కాలంలో మనుషులు తప్పుకుని దారి ఇవ్వాలి. అడవికీ తీరానికీ మధ్య మకాం మార్చడం అందుకే. 1957లో దీవి మొత్తాన్ని వారికి రిజర్వు చేశారు. 1970లు ముగిసేసరికి ఆ 732 చదరపు కిలోమీటర్లలో మిగిలినవి దాదాపు 520. దీవిలోనే డుగాంగ్ క్రీక్ దగ్గర ఇళ్ళు కట్టించి స్థిరపడమన్నారు. అధికారుల లెక్కలో అది పునరావాసం. కొరివి పట్టుకుని నడిచేవాడి లెక్కలో చూస్తే, వేటకొచ్చేవాటికి చిరునామా ఇచ్చి కదలకుండా కూర్చోవడం.